కమిషన్ సంగతి ముందే చెప్పినందుకు

ఈరోజు సాయంత్రం మా కింది వాటా యాదమ్మత్త కొత్త మిక్సీ చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నేను వంటింటి సామాన్ల మీద వీడియోలు చేస్తాను. నా లింక్ నొక్కి ఎవరైనా కొంటే నాకు కమిషన్ వస్తుంది. రూల్ కాబట్టి ఆ మాట ప్రతి వీడియో మొదట్లోనే చెప్తాను.

"నీ వీడియో జూసే కొన్న బిడ్డా. జార్ మొత్తం కారుతుంది. ఏందిది?" అని నిలదీసింది.

"నా లింక్‌ల కొన్నవా అత్తా?"

"లే. నీకు పైసలొస్తయని నువ్వే చెప్తివి గద! గందుకే గా దిల్‌సుఖ్‌నగర్ అక్క వీడియో కింద లింక్ నొక్కిన. ఆమె పైసల కోసం చెయ్యది, పాపం."

అత్త ఫోన్‌లో ఆ లింక్ తెరిచి చూశాను. అదీ కమిషన్ లింకే. ఆవిడ నోరు విప్పదు, అంతే తేడా. చెప్పినందుకు నేను వ్యాపారినయ్యాను. దాచినందుకు ఆవిడ అక్కయింది.

"మరి ఆ అక్కనే అడగరాదా?" అన్నాను, ఒళ్లు మండి.

"ఆమె యాడ దొరుకుతది? నువ్వంటే ఇంట్లనే ఉంటవ్."

చేసేదేముంది, రిటర్న్ నేనే పెట్టాను. మిక్సీని పెట్టెలో సర్ది చేతికిస్తే, అత్త గడప దాటుతూ వెనక్కి తిరిగింది.

"ఇంకోటి జర మంచిది జూసి చెప్పు బిడ్డా. అక్క లింక్‌ల తీసుకుంటా."

రేపటి వీడియోలోనూ ఆ మాటే ముందు చెప్తాను. మీరూ ఓ నిజం చెప్పండి: అది విన్నాక ఎంతమంది వేరే లింక్ వెతుక్కున్నారు?