ఆడి నెలలో ఏసీ రిపేరు

పోయిన వారం తేని అవతల కంబంలో ఉండే అత్తగారింటికి కారులో పోయి బస్సులో తిరిగొచ్చినా. యాక్సిడెంటు కాలేదు, టైరు పేలలేదు, పోలీసోళ్లు పట్టుకోలేదు. కారు శుభ్రంగా ఉండాది. నేను మాత్రం ఒళ్లో ద్రాక్షపండ్ల పెట్టె పెట్టుకుని, చక్రం మీద సీటులో ఎగిరి ఎగిరి పడుతూ మా పీలమేడు చేరినా. ఎందుకని అడగండి. అడక్కపోయినా చెబుతా, లోపల పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు.

నాకు పెళ్లయింది వైకాసి నెలలో. మీ ఆషాఢం లాంటి ఆడి పుట్టిందో లేదో, మామ జీపులో వచ్చి నా పెండ్లాం లలితను కంబానికి పిలుచుకుపోయినాడు. మా ఇళ్లల్లో అది వాడిక. కొత్తగా పెళ్లయినవాళ్లు ఆడి నెలంతా ఒకచోట ఉండకూడదు, ఉంటే చిత్తిరై నెల ఎండల్లో బిడ్డ పుడతాడంట. ఆస్పత్రుల్లో ఏసీ రూములు వచ్చి ఎన్నాళ్లయిందో ఈ పెద్దోళ్లకు ఎవరు చెప్పేది? జీపెక్కి లలిత వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. అంతే, ఆ దినం నుంచి ఇంట్లో నాకు కాలు నిలవలేదు. ఆమె దువ్వెనలో ఒక వెంట్రుక చిక్కుకుని ఉంటే దాన్ని కూడా పారేయబుద్ధి కాలేదు. ఇంత సిగ్గులేకుండా చెబుతా ఉండానంటే నా గతి అర్థం చేసుకోండి.

ఫోను లేదా అంటారు. ఉండాది. కానీ వాళ్లింట్లో నట్టింట అత్త, వాకిట్లో మామ, ఎక్కడ నీడ ఉంటే అక్కడ మంచం వేసుకుని అవ్వ. ఆ అవ్వకు అన్నం తినమంటే వినపడదు, కొత్త జంట గుసగుసలాడితే మాత్రం అక్షరం పోదు. అందుకని "తిన్నారా?" "తిన్నా. నువ్వు?" "తిన్నా." ఇంతే మా సంసారం.

ఇట్లా ఉండగా దేవుడు కరుణించి కారులో ఏసీని చెడగొట్టినాడు.

ఆ కారు మామదే. కొత్త జీపు కొన్నాక పాతది మాకిచ్చినాడు. ఎంత చల్లగా కావాలో ఒక నంబరు పెడితే చాలు, మిగతాది అదే చూసుకుంటాది. అది దాని గొప్ప. ఇప్పుడేమో ఇరవైరెండు అని పెడితే డ్యాష్‌బోర్డు వెనక టిక్కు టిక్కుమని శబ్దం, ఆ వెంటనే మొఖానికి ఇడ్లీ కుండ మూత తీసినంత వేడి.

మా వీధి చివర మెకానిక్కు మణి గ్యాసు చూసినాడు, సరిగ్గా ఉండాది. ఫ్యూజు మార్చినాడు. ఫిల్టరు తీసి దులిపితే ఒక కోడి ఈక వచ్చింది, వేడి మాత్రం పోలేదు. కడకు తల గోక్కుని, "సార్, లోపల చల్లగాలికీ వేడిగాలికీ మధ్య చిన్న తలుపు ఉంటాది. దాన్ని తిప్పే మోటారులో పళ్ల చక్రం అరిగిందో ఏమో. విప్పి చూస్తే తెలుస్తాది. విప్పేదా?" అన్నాడు.

నాకు అప్పుడు మెరిసింది చూడండి. మామ కారు, మామకు తెలిసిన కంబం మెకానిక్కు, మామ ఇల్లు. అల్లుడు ఆడిలో అత్తగారింట్లో రాత్రి ఉండకూడదు గానీ, రిపేరుకని పగలు పోయి వస్తే ఎవరేమంటారు?

"విప్పొద్దు మణీ. అట్లే ఉండనీ. కొంచెం కూడా బాగు కాకూడదు."

మణి నన్ను ఎగాదిగా చూసి స్పానరు కింద పెట్టినాడు.

అమ్మకు చెప్తే, "ఏమిరా, ఆడిలో అత్తగారింటికి పోతే ఊరు నవ్వదా?" అనింది.

"నేను పోయేది కారు కోసం అమ్మా."

"కారుకు నోరు లేదు కాబట్టి సరిపోయింది," అని లోపలికి పోయింది.

తెల్లవారే బయలుదేరినా. ధారాపురం దాటేసరికి కారు లోపల ఉడికిపోతా ఉండా. అద్దం దించితే ఆడి గాలి, కంటి నిండా దుమ్ము. అద్దం ఎత్తితే వేడి. అయినా నాకు సంతోషమే. టిక్కు టిక్కుమంటే ఆమె దగ్గరికి పోతా ఉండామని గుర్తు. తేని దాకా ఒక్క నిమిషం చల్లబడలేదు, బంగారు కారు.

చిన్నమనూరుకు ముందు ఒక స్పీడు బ్రేకరు. తొందరలో చూసుకోలేదు. కారు లేచి పడింది. డ్యాష్‌బోర్డు వెనక ఏదో టక్కుమనింది, టిక్కు టిక్కు నిలిచిపోయింది. మొఖానికి చల్లగా, కొడైకెనాల్ కొండ నుంచి వచ్చినట్టు గాలి.

రోడ్డు పక్కన ఆపి తల పట్టుకున్నా. ఏసీ బాగైందని ఏడ్చే మనిషిని మీరు ఎక్కడైనా చూసినారా? నంబరు పెంచినా, దించినా. ఆపి వేసినా. డ్యాష్‌బోర్డును అరచేత్తో కొట్టినా, తర్వాత బతిమాలుకున్నా. వెనక్కి పోయి అదే స్పీడు బ్రేకరు మళ్లీ ఎక్కినా. రెండోసారి ఇంకా చల్లగా వచ్చింది.

కంబంలో వాకిట్లో మామ తోటకు మందు కొట్టే ట్యాంకు కడుగుతా ఉండాడు. నన్ను చూసి, "ఏం మాప్ళై, చెప్పకుండా వచ్చినారు?" అన్నాడు. మా పక్క అల్లుణ్ణి అట్లే పిలుస్తారు.

"ఏసీ మామా. వేడిగాలి కొడతా ఉండాది. భరించేదానికి లేదు."

మామ కారులో కూర్చుని ఏసీ వేసినాడు. కొంచెంసేపయినాక భుజం మీది తువాలు తీసి మెడకు చుట్టుకున్నాడు. అత్తను పిలిచి వెనక కూర్చోబెట్టినాడు. అత్త, "బాగుండాదే, మా ఫ్రిజ్జు కంటే బాగుండాదే," అనింది.

అప్పుడు లలిత గడపలోకి వచ్చింది. తలంటుకుని జుట్టు విరబోసుకుని ఉండాది. నా దుమ్ము మొఖం చూసి, వణుకుతున్న వాళ్ల నాన్నను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. ఆమెకు అంతా అర్థమైపోయింది. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకోవాలని ప్రాణం లాగింది. మధ్యలో అవ్వ మంచం ఉండాది.

"తిన్నారా?" అని అడిగింది.

"లేదు," అన్నా. ఈసారన్నా వేరే జవాబు చెప్పినానని నాకు తృప్తి.

అన్నం వడ్డించింది అత్త. తిన్నాక మామ నన్ను ఎక్కించుకుని ఊరి చుట్టూ, అరటితోటల వెంబడి, మళ్లీ ఊరి చుట్టూ తిప్పినాడు. టిక్కు లేదు, వేడి లేదు. నాకు పళ్లు కొట్టుకుంటా ఉండాయి. మామ మొఖంలో మాత్రం కోపం లేదు, నవ్వూ లేదు.

"రిపేరు మనం చూసినప్పుడు రాదు మాప్ళై. కారు ఇక్కడే ఉండనీ. వచ్చినప్పుడు మెకానిక్కుకు చూపిస్తా. ఆడి పోయి ఆవణి పుట్టినాక వచ్చి కారునూ అమ్మాయినీ ఒకేసారి పిలుచుకుపోండి. సాయంత్రం బస్సు ఉండాది."

నా కారులోనే, చల్లగా, నన్ను తీసుకుపోయి బస్‌స్టాండులో దించినాడు. ద్రాక్షపండ్ల పెట్టె చేతికిచ్చినాడు. నా పెండ్లాం దగ్గర నా కారు ఆడి నెలంతా ఉండొచ్చు, నేను ఒక పూట ఉండకూడదు. బస్సు కదిలేటప్పుడు కారు మీద నాకు నిజంగా కడుపుమంట వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం లలిత ఫోను. గొంతు మామూలు గొంతు కాదు, మా ఇంట్లో మాట్లాడే గొంతు.

"ఎక్కడుండావు?"

"కారులో. అద్దాలెత్తి ఏసీ వేసుకుని కూర్చున్నా. ఎండగా ఉండాదని అమ్మకు చెప్పినా. ఇప్పుడు చెప్పండి, నేను లేకుండా ఎట్లుండారు?"

ఎట్లుండానో చెప్పినా. దువ్వెన సంగతితో సహా చెప్పినా. అంతా విని, "నాకూ అంతే," అనింది. ఆ ఒక్క మాటకు నా బస్సు ప్రయాణం గిట్టుబాటయింది.

ఆ తర్వాత దినమూ అదే పని. ఒకరోజు మాట మధ్యలో నాకు తెలిసిన శబ్దం వినిపించింది. టిక్కు టిక్కు టిక్కు.

"లలితా, వేడిగాలి వస్తా ఉండాదా?"

"మొన్నటి నుంచి వస్తా ఉండాది. నాన్నకు చెప్పలేదు. చెప్తే కారును షెడ్డుకు పంపించేస్తాడు."

"ఆపేయి మరి. ఉడికిపోతావు."

"ఆపితే ఈ చప్పుడు పోయి మాటలు బయటికి వినపడతాయి. అవ్వ ఇక్కడే మంచం వేసుకుని ఉండాది. చెమటలు కారితే కారనీ, మీరు మాట్లాడండి."

ఇట్లాంటి పెండ్లాన్ని కట్టుకుని ఒంటరిగా పడుకునే ఖర్మ ఎవరికీ రాకూడదు.

నిన్న మామ నుంచి ఫోను.

"మాప్ళై, రిపేరు కనిపెట్టినా."

"ఏంది మామా?"

"వాకిట్లో నుంచి కారు జానెడు జరగలేదు. పెట్రోలు మాత్రం అయిపోయింది. ఏసీ వేసుకుని కూర్చునే అమ్మాయి చెమటతో దిగుతా ఉండాది. ఇది మెకానిక్కుకు కుదిరే రిపేరు కాదు. ఆడి పోతే దానంతటదే సరైపోతాది."

"సరి మామా," అన్నా. ఇంకేం అనేది?

తాళంచెవి ఇప్పుడు మామ నడుముకు ఉండాది. లలితా నేనూ మళ్లీ "తిన్నారా", "తిన్నా" దగ్గరికి వచ్చినాము. ఆవణి పుట్టేదానికి ఇంకా దినాలుండాయి. మా వాకిట్లో నా స్కూటరు ఉండాది, దానికి ఏసీ లేదు. కంబందాకా తీసుకుపోవాల్సినంత రిపేరు దాంట్లో ఏముంటాదా అని పొద్దున్నించి దాని ముందరే కూర్చుని చూస్తా ఉండా.