కావేరిలో కలిసిన పతకం, తిరిగిపోయిన పతకం

1987, మాసి నెల (మన మాఘం, ఫాల్గుణం రోజులు), గురువారం. ఆవు పాలు పితికి డిపోలో పోశాను. వాకిలి ఊడ్చి ముగ్గు వేశాను. మధ్యాహ్నానికి పులిహోర కలిపి అరిటాకులో కట్టాను. రాగులు విసరడం, దుప్పట్లు ఉతకడం మరునాటికి వాయిదా వేశాను. ఏడు కొట్టేసరికి నాయన ఉతికిన చొక్కా తొడుక్కుని, పట్టాళం సర్వీసు పుస్తకం ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని తిన్నె మీద కూర్చున్నాడు.

ఈ ప్రయాణానికి కారణం ఆ పుస్తకమే. కాశ్మీరు యుద్ధంలో నాయనకు ధైర్యానికి పతకం ప్రకటించారు. ఆ సంగతి పుస్తకంలో ఎక్కలేదు. అంతకుముందు ఆగస్టులో ధర్మపురి జెండా పండగకు మాజీ సైనికులను పిలిచి, పతకాలు వచ్చినవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టారు. నాయన కూడా వెళ్లి కూర్చున్నాడు. ఎవరో కుర్రవాడు పుస్తకం అడిగి తిరగేసి, "ఇందులో ఏమీ లేదే తాతా, వెనక్కి పో" అన్నాడట. నాయన వెనక్కి పోలేదు, ఇంటికి వచ్చేశాడు. ఆనాటి నుంచి టీకొట్టు దగ్గర యుద్ధం మాట ఎత్తడమే మానుకున్నాడు. అది చూడలేక పట్టాళం రికార్డు ఆఫీసుకు నేనే అర్జీ రాశాను. జవాబు ధర్మపురిలోని మాజీ సైనికుల ఆఫీసుకు వచ్చిందని కార్డు రావడంతో బయలుదేరాము.

మా అదియమాన్‌కోట్టై నుంచి ధర్మపురికి టౌను బస్సులో ముక్కాలు రూపాయి. అరగంట కూడా పట్టదు. ఆఫీసు పదింటికి తెరిచారు. గుమాస్తా కాగితం తీసి తమిళంలో చదివాడు. పతకాన్ని ఇంటి చిరునామాకు పంపాము, పుచ్చుకోకుండా తిప్పి పంపారు, వద్దన్నారు కనుక పేరు కొట్టేశాము, అని అందులో ఉంది.

ఆ పార్శిలు వచ్చిన రోజు నాకు గుర్తుంది. నాకు అయిదేళ్లు ఉంటాయి. నాయన ఎక్కడో ఉత్తరాన వేరే దళంలో ఉన్నాడు. పోస్టుమాను గుడ్డలో కుట్టి, ఎర్ర లక్క ముద్రలు వేసిన చిన్న పార్శిలు తెచ్చాడు. అమ్మ దాన్ని చూసి రెండు చేతులూ కొంగులో దాచుకుంది. బర్మా యుద్ధంలో మా వీధి అబ్బాయి చనిపోయినప్పుడు అతని గడియారం, బొత్తాలు అలాంటి గుడ్డలోనే వచ్చాయి. అప్పటినుంచి మా ఊళ్లో ఆడవాళ్లు పట్టాళం పార్శిలును ముట్టేవాళ్లు కాదు. ముడితే చావు కబురుకు ఒప్పుకున్నట్టే. అమ్మ గడప దాటకుండా "మా ఇంట్లో అందురూ బాగుండారు, తీసకపో" అంది. దాంట్లో ఉన్నది పతకమని నాయన సెలవు మీద వచ్చాకే తెలిసింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అమ్మ బతికున్నన్నాళ్లూ అర్జీ పెడదామంటే నాయన పెట్టనివ్వలేదు.

"పెద్ద సంగతేమీ కాదు. భార్య తెలియనితనం వల్ల తప్పు జరిగిందని రాసి సంతకం పెట్టండి. మీతో పనిచేసి, అదే పతకం పొందిన ఒకరి సాక్షి సంతకం కూడా కావాలి" అన్నాడు గుమాస్తా.

నాయన సంచి తీసుకుని లేచాడు. "పోయినామెను తప్పు చేసిందని కాగితంలో ఎక్కించి, నేను ముందు వరుసలో కూర్చునేదా? నాకేమీ వద్దు, నడుమ్మా" అన్నాడు. బయట టీ తాగుతూ ఎంత చెప్పినా వినలేదు. చివరికి, "సరే, రాయొద్దులే. నరసప్ప చిన్నాయనను చూసి ఎన్నేండ్లయింది? పోయి చూసి వద్దామా?" అని అడిగాను. దానికి మాత్రం తలూపాడు. ఆయన నాయనతో పట్టాళంలో పనిచేసినవాడు, వరసకే చిన్నాయన. అదే పతకం వచ్చిన రెండో మనిషి ఆయనే. కావేరి ఒడ్డున హొగేనక్కల్‌లో పరిసల్ నడుపుతాడు. వెదురు అల్లి చుట్టూ తారు పూసిన గుండ్రటి పుట్టిని అక్కడ పరిసల్ అంటారు.

పెన్నాగరం మీదుగా పోయే బస్సుకు మనిషికి నాలుగున్నర రూపాయలు తీసుకున్నారు. పెన్నాగరం దాటాక అడవిలో మలుపులు తిరుగుతూ దిగుతుంది. కండక్టరు నాయనను చూసి, "కాళ్లనొప్పులకా తాతా? నూనె మసాజు చేసేవాడు నాకు తెలిసినోడే" అన్నాడు. "నొప్పి కాళ్లలో లేదప్పా" అని నాయన కిటికీ వైపు తిరిగాడు. చిన్నప్పుడు ఆయన సెలవుకు వచ్చినప్పుడల్లా మమ్మల్ని ఇదే దారిలో తీసుకువచ్చేవాడు. అమ్మ మలుపు మలుపుకూ నిమ్మకాయ వాసన చూసేది.

రేవులో నరసప్ప చిన్నాయన బోర్లించిన పరిసల్‌కు తారు పూస్తున్నాడు. నాయనను చూడగానే, "ఏమన్నా, ఇంకా బతికుండావా?" అని అరిచాడు.

"నీ మొగం చూడకుండా పోతే యముడు కూడా లోపలికి రానీనంటాడు రా!"

అప్పటికప్పుడు వేయించిన చేపలు కొన్నాను. పులిహోర విప్పాను. కాశ్మీరులో వంతెన కూలిపోయిన రాత్రి ఏం చేశారో చిన్నాయన నాకు మళ్లీ చెప్పాడు. నది అవతల గాయపడినవాళ్లు చిక్కుకుపోయారు. ఆయన కొమ్మలు అల్లి, లారీ మీది టార్పాలిను కట్టి ఒక పరిసల్ చేశాడు. నాయన దాన్ని నడిపి, తెల్లవారేలోపు అందరినీ ఇవతలికి చేర్చాడు. "తెడ్డేసింది మీ నాయనే పాపా. నేను దేవుని పేర్లు చెప్తా కూర్చున్నా" అని నవ్వాడు.

ఆఫీసులో జరిగింది చెప్పాను. చిన్నాయన చేతిలో ముక్క ఆకులో పెట్టేశాడు.

"నా కత తెలీదా మీకు? నా పుస్తకంలో పతకం ఉంది, ఇంట్లో లేదు. పోస్టుమాను గదమాయిస్తే మా అమ్మ ఏలుముద్ర ఏసింది. ఏసి, పార్శిలు ఇప్పకుండానే పసుపూ పూలూ పెట్టి, ఏడ్చుకుంటా తెచ్చి ఇదో ఈ కావేరిలోనే ఇడిసింది. తలకు పోసుకుని ఇంటికి పోయింది. నేను లీవుకు వస్తే, నన్ను చూసి దయ్యమని గుడిసెలోకి పారిపోయి గడియ పెట్టుకునింది!"

నాయన నవ్వాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. ఆగస్టు తరువాత ఆయన నవ్వు వినడం అదే మొదలు.

"మా వదినది తప్పయితే మా అమ్మదీ తప్పే" అన్నాడు చిన్నాయన. "సచ్చినోనికీ బతికినోనికీ ఒకే మాదిరి గుడ్డ కుట్టి పంపిస్తే ఇంట్లో ఆడోళ్లకు ఎట్ల తెలుస్తుంది? అది రాయి పాపా."

"అట్లయితే రాయమ్మా" అన్నాడు నాయన. "దానికి సంతకం పెడతా."

తిరగేసిన పరిసల్ మీదే కాగితం పెట్టి చిన్నాయన మాటను ఉన్నదున్నట్టు రాశాను. చావు సామాను, పతకం ఒకే తీరుగా వచ్చేవి కనుక మా ఇళ్లలో పార్శిలు ముట్టే ఆచారం లేదని, ఇందులో భార్య తప్పు లేదని. చిన్నాయన తన పుస్తకం తీసుకుని, తారు చేతులతోనే మాతో బస్సెక్కాడు.

మేము చేరేసరికి ఆఫీసు మూసే వేళయింది. "ఇలా రాస్తే చెల్లదు" అని గుమాస్తా గొణిగాడు. నాయన మళ్లీ సంచి ఎత్తుకున్నాడు. ఇంతలో లోపలి అధికారి బయటికి వచ్చి కాగితం తీసుకున్నాడు. ఆయనా పట్టాళంలో చేసినవాడే. రెండుసార్లు చదివి, "రెండు రకాల పార్శిళ్లూ నేనే కుట్టించి పంపాను. ఇళ్లలో ఇలా అవుతుందని ఒక్కసారీ తోచలేదు" అన్నాడు. ఒక్క అక్షరం మార్చకుండా ముద్ర వేసి, నాయన పుస్తకంతో కలిపి రికార్డు ఆఫీసుకు పంపించాడు.

పుస్తకం ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, తిరిగి వచ్చింది. పతకం పేరు, సంవత్సరం కొత్త సిరాతో ఎక్కించారు. వారానికి పతకం వచ్చింది. మళ్లీ అదే గుడ్డ, అదే ఎర్ర లక్క. నాయన నా వెనకే నిలబడి ఉన్నాడు. లోపల ఏముందో నాకు తెలుసు. అయినా పోస్టుమాను చాచిన పార్శిలు అందుకోవడానికి నా చేయి వెంటనే లేవలేదు. ఇన్నేళ్లూ అమ్మ కథ చెప్పుకుని నవ్వుకున్నాము. గడప లోపల చేతులు దాచుకుని నిలబడిన ఆ మనిషి ఎంత భయపడిందో అప్పుడు తెలిసింది. మర్నాడు నాయన టీకొట్టుకు వెళ్లి, పొద్దెక్కినా రాలేదు. పిలవడానికి వెళ్తే నదిలో సగం దూరంలో ఉన్నాడు, కథలో.

ఇలాంటి పని మీద వెళ్లేవారికి ఒక మాట. సాక్షి చెప్పగల తోటి సిపాయి బతికి ఉండగానే వెళ్లండి. ఆయన సర్వీసు పుస్తకం కూడా వెంట తెప్పించండి. హొగేనక్కల్‌లో మనిషిని వెతకాలంటే నీళ్లు తక్కువగా ఉండే మాసి నెల మేలు. వరద రోజుల్లో పరిసల్ వాళ్లు రేవులో దొరకరు.

ఆ రోజు బస్సు దిగుతూ నరసప్ప చిన్నాయన ఒకటే కోరాడు: "పతకం వస్తే నాకు చూపించల్ల పాపా. నాది ఎట్లుంటుందో నేను చూసిందే లేదు." వరద తగ్గాక నాయనా నేనూ తీసుకెళ్లాము. చేతులు పంచెకు తుడుచుకుని అరచేతిలో పెట్టించుకున్నాడు. ముందూ వెనకా తిప్పి చూశాడు. "బరువే ఉండాదన్నా" అని చాలాసేపు పట్టుకుని, తిరిగి ఇచ్చాడు. ఆ రాత్రి లెక్కల పుస్తకంలో బస్సు చార్జీల కింద రాసుకున్నాను: చిన్నాయనకు పతకం చూపించవలసిన బాకీ, తీరింది.