కేశవరావు గారి సీడీ

గొంతుకి ఆపరేషన్ అయ్యాక హరికథకుడు కేశవరావు గారికి మాట పోయింది. ఆయన కట్టిన కథ ఒక్క పాత సీడీలోనే మిగిలింది. ఎల్లుండి ద్రాక్షారామంలో కూతురు లక్ష్మీదుర్గ ఆ కథ తొలిసారి చెప్పాలి. శోకఘట్టం వరసలు మాత్రం ఆమెకి ఎంతకీ పట్టుబడలేదు.

ఆ వరసలు విని నేర్చుకుందామని ఇద్దరూ సీడీ పట్టుకుని కొత్తపేటలో కంప్యూటర్లు బాగుచేసే శ్రీనివాస్ దగ్గరికి వెళ్లారు. సీడీ పట్టే కంప్యూటర్ అతని దగ్గర ఒక్కటే ఉంది, లినక్సుతో నడిచే పాతది. సీడీ గిర్రున తిరిగింది. తెరమీద సెకన్లు నడిచాయి. స్పీకర్లు మాత్రం కిక్కురుమనలేదు.

కేశవరావు గారు స్పీకరుకి చెవి ఆనించారు. గొంతుతో పాటు ఇదీ పోయిందా!

“సీడీ పాడైపోయిందాండీ?” లక్ష్మీదుర్గ అడిగింది.

“పాడైతే సెకన్లు నడవవండి. ఉండండి, విప్పి చూస్తాను.” శ్రీనివాస్ మూత తీసి లోపలికి టార్చి వేశాడు. “ఇదిగోండి! సీడీ డ్రైవు నుంచి సౌండ్ కార్డుకి వెళ్లాల్సిన వైరు ఎవరో పీకేశేరు.”

పాత సామాన్లలో వెతికి ఒక సన్నని వైరు తగిలించాడు. ముందు చిడతలు మోగాయి. వెనకే కేశవరావు గారి కంఠం ఖంగున లేచింది.

లక్ష్మీదుర్గ అందుకుంది. ఒకచోట వరస తప్పింది. ఆయన కళ్లు తుడుచుకుంటూనే, మళ్లీ మొదటినుంచి పాడమని చేత్తో సైగ చేశారు.