దులిపిన చొక్కాలు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నల్లా వచ్చే వేళకు, మా పక్కింటి అక్క పోయింది. రాయచూరులో మా సందుకు నీళ్ళు మూడు రోజులకొకసారి వస్తాయి. నలభై ఏళ్ళుగా వరుసలో మొదటి బిందె ఆమెదే, ఆమె మంచం పట్టాక భర్త తెచ్చి పెట్టేవాడు. ఆ రోజు మొదట ఇంకెవరిదో ప్లాస్టిక్ బిందె కనిపించింది. ఎవరూ చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

మా సందులో ఆమెను రెండింటికి తలచుకుంటారు: జొన్నరొట్టెలకు, నోటికి. రొట్టె తట్టే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. నోటి విషయంలో నాకు సరిజోడు ఆమె ఒక్కతే. నాతో మాట్లాడి గెలవలేమని మా మనవలు వాపోతుంటారు, ఆమె వయసులో ఉండగా వాళ్ళు చూడలేదు కాబట్టి. చదువు రాదు. కానీ మధ్యాహ్నం అంట్లు తోమగానే మా గడపలో కూర్చుని "చెల్లే, పేపర్ల ఏమొచ్చింది, సదువు" అనేది. నేను చదివితే వినేది. నచ్చకపోతే రాసినవాణ్ణి తిట్టేది.

ఆమె భర్త రేకుల మేస్త్రి. ఆయన్ను నేను బావ అంటాను. మా ఇళ్ళకు అప్పట్లో మట్టి మిద్దెలుండేవి. ప్రతి వానకూ ముందు మన్ను తెచ్చి పరచాలి, పరిచినా కారేవి, పైనుంచి తేళ్ళు పడేవి. అలాంటి చోటికి బూడిదరంగు సిమెంటు రేకులు వచ్చాయి. కాలవు, తుప్పు పట్టవు, చెదలు తినవు. వేయించుకున్నవాళ్ళు వీధిలో కాస్త మెడ ఎత్తి నడిచేవాళ్ళు. మా వరండా మీదివి బావ చేత వేయించుకున్నవే. నేనూ ఎత్తే నడిచాను.

ఆ రేకుల్లో కలిపేది ఆస్బెస్టాస్, పాత పుస్తకాల్లో రాతినార అనేవాళ్ళు. దాని గురించి బడిలో పాఠం చెప్పింది నేనే. నేను సైన్సు టీచరును. స్పిరిట్ దీపం మీద పెట్టే ఇనుప జాలీకి నడుమ తెల్లగా గుండ్రంగా అద్ది ఉండేది అదే. రాతిలోంచి తీసిన నార, నిప్పులో వేసినా కాలదు, ఆవిరి గొట్టాలకు చుడతారు, లారీ బ్రేకుల్లో పెడతారు అని నేను చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఆ తెల్ల పొడిని గోళ్ళతో గీకేవాళ్ళు కూడా. నేను వద్దనలేదు. మా పుస్తకంలో ఉపయోగాలు ఒక పేజీ నిండా ఉండేవి. నష్టాలకు చోటు మిగల్లేదు.

బావ సాయంత్రం పిండిగిర్నీ నుంచి వచ్చినవాడిలా వచ్చేవాడు. రోజంతా రంపంతో రేకులు కోసిన దుమ్ము కనుబొమల దాకా ఉండేది. గడప బయటే చొక్కా విప్పి అక్క చేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని మా రెండిళ్ళ నడుమ ఉన్న గోడ మీద పరిచి వేపపుల్లతో కొట్టేది. ఆ పుల్లకు గోడకో మేకు కూడా ఉండేది. దుమ్మంతా పోయాకే చొక్కాకు నీళ్ళు చూపించేది.

"తడిస్తె గా దుమ్ము పట్టుకుంటది చెల్లే. ఒక్క చొక్కా రెండు బిందెలు తాగుతది" అనేది. ముందు దులుపు, తర్వాత తడుపు: కొత్తగా కాపురానికొచ్చిన ప్రతి కోడలికీ ఆమె నేర్పిన మొదటి పాఠం ఇదే. నాకు ఎంత నచ్చిందంటే, నీటి పొదుపు పాఠంలో ఆమెను ఉదాహరణగా చెప్పాను. ఒకసారి కాదు. ఏటా చెప్పాను.

నేనింకా ఉద్యోగంలో ఉండగానే ఒక మధ్యాహ్నం పేపర్లో రాతినార గురించి వచ్చింది. కంటికి ఆనని పోగులు ఊపిరితో లోపలికి పోతాయట. పోయినవి బయటికి రావట. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకు రోగమై లేస్తాయట. చాలా దేశాలు వాడకం మానేశాయట. అక్కకు చదివి వినిపించాను. ఆ రోజు రాసినవాణ్ణి ఆమె తిట్టలేదు. సాయంత్రం బావ రాగానే ఇద్దరం పట్టుకున్నాం.

"బావా, కోసేటప్పుడు రేకు తడుపు. ముక్కుకు గుడ్డ కట్టుకో" అన్నాను.

"గుడ్డ కడితె బీడీ యాడ పెట్టుకోవాలె టీచరమ్మా?"

"చెవిల పెట్టుకో" అంది అక్క. "ఆమె సదువుకున్నది, ఊకె చెప్పది. కట్టుకో అంటె కట్టుకో."

తన పాత చీర చింపి నాలుగు గుడ్డలు కుట్టింది. ఆమె చూస్తుండగా కట్టుకుంటేనే గడప దాటనిచ్చేది. సాయంత్రం చొక్కాతో పాటు ఆ గుడ్డనూ గోడ మీద వేసి కొట్టేది, పొడిపొడిగానే. గోడకు ఇవతల నిలబడి నేను ఆమెతో కబుర్లు చెప్పేదాన్ని. ఆ దుమ్ము మా ఇద్దరి నడుమ ఎండలో మెరుస్తూ తేలేది. కోసేవాడి ముక్కు గురించి అంత చెప్పిన నాకు దులిపేదాని ముక్కు గుర్తుకు రాలేదు. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పాను.

రెండేళ్ళ కింద ఆమెకు ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తి పక్కన నీరు చేరిందన్నారు. క్షయ అన్నారు. ఆ మందులు ఆరు నెలలు మింగింది. చివరికి హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయని నేను వెంట వెళ్ళాను. బావ మందుల వరుసలో ఉన్నాడు. డాక్టరు ఆమెను ఏం పని చేసేవాళ్ళని అడిగాడు.

"నాకేం పని సారూ. ఇంట్ల పని."

భర్త ఏం పని చేసేవాడని అడిగితే నేను చెప్పాను. డాక్టరు కలం ఆపి, "ఆయన బట్టలు ఎవరు ఉతికేవారు?" అన్నాడు. అక్క నా వైపు చూసింది. ఆ తర్వాత ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు క్యాన్సరని, రాతినార వల్లే వస్తుందని ఆయన సగం ఇంగ్లీషులో చెప్పినదంతా నేను ఆమెకు తెలుగులో చెప్పాల్సిన అవసరం పడలేదు.

బయట బెంచీ మీద నా చెయ్యి పట్టుకుంది. "ఎట్ల వచ్చిందో ఆయనకు చెప్పకు చెల్లే."

"ఎందుకు చెప్పొద్దు?"

"చెప్తె నా దమ్ము తిరిగొస్తదా? చొక్కా ఇచ్చిన చెయ్యి నరుక్కుంటడు, మొద్దుమనిషి. ఒట్టెయ్యి."

వేశాను. నన్ను కూడా ఆమె ఏమీ అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని ఒకరోజు అనేశాను. "ఉన్న దమ్ము తక్కువ. నీ మీద ఖర్చు పెట్టాల్నా?" అని నవ్వబోయి దగ్గింది. చివరి నెలల్లో కూడా పేపరు విన్నది. పొడుగు వార్తలు మాత్రం వద్దనేది.

రేకుల దుమ్ముతో వచ్చే జబ్బని మాత్రం బావకు ఆసుపత్రిలోనే తెలిసింది. ఆమె పోయిన రోజు వచ్చినవాళ్ళందరినీ ఒకటే అడిగాడు. "కోసింది నేను. దుమ్ము తిన్నది నేను. గిది ఆమెకెట్ల వచ్చె?" నన్ను రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నేను చాప వైపు చూశాను.

అయిదోరోజు దేవదుర్గ నుంచి అక్క తమ్ముడి కొడుకు వచ్చాడు. పదకొండో రోజుకు జనం వస్తారు, పెరట్లో పాత రేకుల పంచ తీసేస్తే షామియానా వేయొచ్చని సుత్తి అందుకున్నాడు. మొదటి దెబ్బ చప్పుడు విని నేను ఈ మోకాళ్ళతో ఎలా వెళ్ళానో తెలియదు.

"ఆపురా. ముందు నీళ్ళు పొయ్యి."

"పారేసే రేకులకు నీళ్ళెందుకు పెద్దమ్మా? నల్లా మళ్ళ ఎల్లుండి గాని రాదు."

"మా ఇంట్లో ఉన్నాయి. తెచ్చుకో. పగలగొట్టకు, బోల్టులు విప్పి నిండుగా దించు."

నా డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా పోయించాను. రేకులు ఒక్కొక్కటీ నీళ్ళు కారుతూ దిగాయి. అరుగు మీంచి బావ చూస్తున్నాడు.

"ఎందుకు తడుపుతున్నవ్ టీచరమ్మా?"

"దుమ్ము లేవొద్దని, బావా."

ఆయన కళ్ళు తడి రేకుల మీంచి నడిమి గోడ మీదికి పోయాయి. మేకుకు వేపపుల్ల వేలాడుతోంది. చాలాసేపు దాన్ని చూశాడు. తర్వాత వంగి తను వేసుకున్న చొక్కా అంచు పట్టుకుని చూశాడు. ఎట్ల వచ్చిందని మళ్ళీ ఎవరినీ అడగలేదు.

ఒట్టు తప్పానో నిలబెట్టుకున్నానో నాకు తేలలేదు. ఇది అచ్చుకు ఇవ్వనా అని మాత్రం ఆయన్నే అడిగాను. "రాయి. బట్టలుతికేటోళ్ళకు ఎవరన్న సదివి చెప్పాలె" అన్నాడు. మా సందు మొగలో దుకాణం ముందు ఆ రేకులు ఇప్పటికీ నిలబెట్టి అమ్ముతున్నారు.

బావ పని మానేసి పదేళ్ళు దాటింది. చొక్కాకు చెమట తప్ప ఏమీ అంటదు. అయినా రోజూ సాయంత్రం గడప బయటే విప్పి, బకెట్టు నిండా నీళ్ళు పెట్టుకుని, అందులో ముంచుతాడు. చొక్కా ఉబ్బి పైకి తేలుతుంది. రెండు చేతులతో అదుముతాడు. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ అదుముతాడు. ఇంక ఒక్క బుడగా రాదని తెలిశాక కూడా చేతులు నీళ్ళలోనే ఉంచి కూర్చుంటాడు.