మా ఇంట్లో మూడు ఫ్రిజ్జులు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. అంటే, నేనలా అనుకునేదాన్ని. (ఇప్పుడు ఏదీ సరిగ్గా తెలియదు, తెలియదన్న ముక్క మాత్రం బాగా తెలుసు.) చదువు నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. నా మాటకి కాస్త నూనె రాసి, దువ్వి, జడ వేస్తానంది. వేసుకో అన్నాను గానీ, గొంతు మార్చొద్దని చెప్పాను. బెల్లం మార్కెట్లో లారీ హారన్ల మీదుగా వినబడాలని అరిచి అరిచి సంపాదించుకున్న గొంతు ఇది.

మాది అనకాపల్లిలో మార్కెట్ వెనక వీధి. ఒక గది, ముందు అరుగు. మా ఆయన మార్కెట్లో కళాసీ, బెల్లం దిమ్మలు లారీకెత్తేవాడు. నేను ఒక షావుకారు గొడౌన్లో దిమ్మలకి గోనె చుట్టేదాన్ని. ఎదురింట్లో ఒక ముసలావిడ ఉండేది. వీధిలో ఎక్కడ ఏం జరిగినా ముందు ఆవిడ నోటనే వినాలి కాబట్టి రేడియో అత్త అనేవాళ్ళం. మొగుడు పోయిన పెన్షన్ ఆవిడకొచ్చేది. ఒకటో తారీఖున అది చేతిలో పడగానే వేడి పకోడీ పొట్లం తెప్పించుకుని, అరుగు మీద కాళ్ళు చాపుకుని, ఒక్కొక్కటీ ఊదుకుంటూ తినేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ నా పకోడీ ఏమీ తినలేదు కదా.

"ఊరికే డబ్బులిచ్చి జనాన్ని బద్ధకస్తుల్ని చేసేస్తున్నారు. మేం కట్టే టాక్సులే అవి" అని షావుకారు గొడౌన్లో అనేవాడు. కూలి ఇచ్చే మనిషి కాబట్టి నిజమే అనుకునేదాన్ని. ఒకనాడు కుళాయి దగ్గర అదే మాట ఇంకాస్త కారం కలిపి అందరి ముందూ అనేశాను. "ఇంట్లో ఫ్రిజ్జులెట్టుకుని పెన్షన్లేటి? ఫ్రిజ్జున్నోళ్ళకి పెన్షన్ పీకేత్తే అప్పుడు తెలుత్తాది! నానైతే సచ్చినా గవర్నమెంటు పైస ముట్టను."

అత్త బిందె ఎత్తుకుంటూ, "నలభయ్యేళ్ళు దిమ్మలు మోసేనే గుంటా. ఈ నడుం సూడు, దీన్నడుగు" అంది. అది కూడా నిజమే అనిపించింది. కానీ రెండు నిజాలు ఒకేసారి పట్టేంత చోటు అప్పట్లో నా బుర్రలో లేదు.

ఆ మరుసటి ఏడే బెల్లం సీజన్లో మా ఆయన ఒక మధ్యాహ్నం బస్తా దించి, మంచినీళ్ళు అడిగి, అవి వచ్చేలోపే పోయాడు. నాకు ముప్పై ఆరు. సీజన్ ఉన్నన్నాళ్ళూ ఎలాగో లాక్కొచ్చాను. సీజనయ్యాక గొడౌన్లో పని వారానికి రెండు రోజులే. ఇక ఇంటద్దె ఎలా? పెన్షన్ వస్తే ఆ గది నాకుంటుంది. రాకపోతే కోటవురట్లలో మా అన్న ఇంటికెళ్ళి, వాళ్ళు పెట్టినప్పుడు తిని, తిట్టినప్పుడు పడుండాలి. అందుకని ఒక మిట్టమధ్యాహ్నం వీధంతా పడుకున్నాక, కొంగు నెత్తిన కప్పుకుని వార్డు సచివాలయానికెళ్ళి అర్జీ పెట్టాను. (ఆ ఎండలో ముసుగేసుకుని నడిచే మనిషినే అందరూ తిరిగి చూస్తారన్న జ్ఞానం కూడా లేదు.) వీధిలో ఎవరికీ చెప్పలేదు.

నెలన్నర గడిచింది. ఒక పొద్దున్న రేడియో అత్త వార్త మోసుకొచ్చింది. "ఇయాల పెన్షన్ల ఎంక్వైరీకి వత్తన్నారంట! ఫ్రిజ్జున్నోళ్ళ పేరు కొట్టేత్తారంట!"

వీధి వీధంతా ఉలిక్కిపడింది. అరగంటలో పక్కింటి గాజుల పిన్ని తన ఫ్రిజ్జును తోపుడుబండి మీదేసుకుని నా గుమ్మంలో దిగింది. వాళ్ళత్తగారి పెన్షన్ పోతుందని ఆవిడ బెంగ.

"నీ ఇంట్లో ఎట్టుకోయే. నువ్వు పెన్షన్ ముట్టనని ఒట్టేసినదానివి. నీ గడప ఏ ఆఫీసరూ తొక్కడు" అంది.

కాదందామని నోరు తెరిచాను. కాదంటే ఎందుకో చెప్పాలి. చెబితే కుళాయి దగ్గర నా మాట ఏమవుతుంది? నోరు మూసుకున్నాను. ఆ వెనకే ఇంకో రెండు ఫ్రిజ్జులు, ఒక వాషింగ్ మెషీను, ఒక కూలరు వచ్చాయి. ఆఖర్న రేడియో అత్త తన కలర్ టీవీని పసిపిల్లనెత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. "ఫ్రిజ్జనే కదా అన్నారు, టీవీ ఎందుకు?" అన్నాను. "ఆల్ల బుద్ధి ఎప్పుడెలాగుంటాదో ఎవులికి తెలుసు?" అంది. అన్నీ సర్దాక గదిలో నాకే చోటు లేదు. గుమ్మంలో కూర్చున్నాను. నా అర్జీ ఎంక్వైరీ వేరే రోజులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు.

పదకొండింటికి సచివాలయం అమ్మాయి వచ్చింది. సన్నగా, చేతిలో ఫోను, భుజానికి బ్యాగు. గాజుల పిన్ని గాజులన్నీ తీసేసి, చిరిగిన చీర కట్టుకుని నిలబడింది. (చేతులకి గాజుల మచ్చలు తెల్లగా అలాగే ఉన్నాయి.) ఆ అమ్మాయి ఇంటింటికీ వెళ్ళి వేలిముద్రలు తీసుకుని, తిన్నగా నా ముందుకొచ్చి ఆగింది.

"అమ్మా, విడో పెన్షన్‌కి కొత్తగా పెట్టుకున్నది మీరేనా?"

"ఏటీ? ఎవులెట్టేరూ?" అని ఎదురరుగు మీంచి అత్త గొంతు. నేను తల దించుకున్నాను. అమ్మాయి నా భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది.

"ఇదేంటమ్మా, షోరూమా? ఇవన్నీ ఎవరివి?"

నావంటే నా పెన్షన్ పోతుంది. వాళ్ళవంటే వాళ్ళవి పోతాయి. ఆ తికమకలో నా నోట్లోంచి ఎలా వచ్చిందో, "మా ఆయనయి తల్లీ" అనేశాను.

"ఆయన ఏం చేసేవారు?"

"కళాసీ."

"కళాసీకి మూడు ఫ్రిజ్జులెందుకమ్మా?"

"ఆయనకి... సల్లటి నీల్లంటే ఇష్టం."

అమ్మాయి నుదురు కొట్టుకుంది. "సరే, ఆయన డెత్ సర్టిఫికెట్ ఇవ్వండి. ఈ రోజే ఆఖరు. ఎక్కించకపోతే మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో నేను చెప్పలేను."

సర్టిఫికెట్ రేకుపెట్టెలో ఉంది. పెట్టె మంచం కింద. మంచం మీద కూలరు, ముందు మూడు ఫ్రిజ్జులు, పక్కన వాషింగ్ మెషీను, దాని మీద అత్త టీవీ. దారి మొత్తం పరాయి సామాను. "మంచం కింద పెట్టెలో ఉంది తల్లీ" అంటూ ఒక ఫ్రిజ్జును భుజంతో నెట్టాను, కదల్లేదు. వీధి వైపు చూశాను. గాజుల పిన్ని ఆకాశం చూస్తోంది. మిగతావాళ్ళు ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకుంటున్నారు. తప్పు పట్టను. ఒక్క అడుగు ముందుకేస్తే ఎవరి పెన్షన్ ఊడుతుందో వాళ్ళకి తెలుసు.

ముందుగా లేచింది రేడియో అత్త. నడుం పట్టుకుని వీధి దాటి వచ్చింది.

"ఆ కలర్ టీవీ నాది పాపా. రాసుకుంటే రాసుకో. ఈ గుంట మొగుడి కాయితం దాని ఎనకాల ఉంది, తియ్యనీ" అని టీవీ ఎత్తుకుని బయటికి నడిచింది.

ఆవిడలా నడిచాక ఇంకెవరు ఆగగలరు? "ఆ నీలం ఫ్రిజ్జు మాదేనమ్మా" అని గాజుల పిన్ని వచ్చింది. తలా ఒక చెయ్యి వేశారు. సామానంతా వీధిలో వరసగా నిలబడింది. పిన్ని ఫ్రిజ్జు తలుపు ఊడి నిన్నటి చేపల పులుసు అమ్మాయి చెప్పుల మీద ఒలికింది. నేను మంచం కిందికి దూరి, సాలెగూళ్ళ తలతో, కాగితం పట్టుకుని బయటికొచ్చాను.

అమ్మాయి చెప్పులు విదిలించుకుంటూ నవ్వుతోంది. "ఫ్రిజ్జుంటే పెన్షన్ తీసేస్తారని ఎవరు చెప్పేరమ్మా మీకు? అలాంటి రూలే లేదు."

అందరూ రేడియో అత్త వైపు తిరిగారు. "నాకీ పిన్ని సెప్పింది" అంది అత్త. "నాకు సివరింటి కోడలు సెప్పింది" అంది పిన్ని. చివరింటి కోడలు కాస్త జంకి, నా వైపు వేలు చూపించింది. "కుళాయి కాడ ఈ అక్కే కదా అంది? ఫ్రిజ్జున్నోళ్ళకి పీకేత్తారని?"

పీకేస్తే బాగుణ్ణన్నాను గానీ పీకేస్తారనలేదు. కానీ నా అక్కసు ఏడాది పాటు వీధంతా తిరిగి, గవర్నమెంటు రూలై నా గదిలోకే వచ్చి కూర్చుంది. అత్త నన్ను ఒక చూపు చూసింది. తిడుతుందనుకున్నాను. "ఒలే, నీ నోటికి ఇంత పవరుంటే మాకు పెన్షన్ పెంచుతారని అనకపోయేవా?" అంది.

పెన్షన్ వచ్చింది. గది మిగిలింది. గచ్చు మీద మంచం నుంచి గడప దాకా ఫ్రిజ్జు కాళ్ళు గీసిన గీత ఇప్పటికీ ఉంది. మొదటి ఒకటో తారీఖున అత్త పకోడీ పొట్లం నా వైపు జరిపింది. ఇది దానమా, మా కష్టానికి బాకీనా, టాక్సు కట్టేవాళ్ళ పుణ్యమా అని ఆవిణ్ణడిగాను. "వేడిగుంది, ముందు తిను" అంది. ఇంతకంటే మంచి జవాబు నాకింకా దొరకలేదు.

మొన్న తుమ్మపాల వెళ్ళే ఆటోలో ఒక పడుచుపిల్ల గట్టిగా అంటోంది: "పనీపాటా లేనోళ్ళకి ఊరికే పంచేత్తన్నారు. నానైతే సచ్చినా ముట్టను!" అచ్చం నా గొంతే. కోపం రావాల్సింది, ఎందుకో ముద్దొచ్చింది. దిగేటప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాను.

"మీ ఇంట్లో మూడు ఫ్రిజ్జులు పట్టేంత కాళీ ఉందేటమ్మా?"