క్వారీ పేలుడా, ఉరుమా?

2023 మే నెల. దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలకు ఆనుకుని ఉన్న మైదానంలో ఫుట్‌బాల్ ఫైనల్. నేను నరసరావుపేటలో పీఈటీని, సెలవుల్లో రిఫరీగా వెళుతుంటాను. లారీ మెకానిక్ ప్రకాశరావుగారు, ఏడాది కిందట జ్వరంతో పోయిన కొడుకు జ్ఞాపకార్థం పెట్టిన టోర్నమెంటు అది. ఆట మొదలయ్యే ముందు మైకులో ఆ అబ్బాయి పేరు చెప్పారు. ఆట కాగానే అక్కడే ప్రార్థన జరిపి కప్పు ఇవ్వాలి. నా భార్య చనిపోయింది కూడా ఆ ఏడాదే. ఆయన ఆ సాయంత్రాన్ని ఎంత గట్టిగా పట్టుకుని ఉన్నారో నాకు తెలుసు. అది తెలియడం వల్లే ఆట ఆపడం కష్టమైంది.

సెకండ్ హాఫ్‌లో పడమటి నుంచి ఒక శబ్దం వచ్చింది. అటు ఆకాశం నల్లబడుతోంది. చూస్తున్నవాళ్లెవరూ తల తిప్పలేదు. బ్లాస్టింగ్, అంటే మందు పెట్టి రాయి పేల్చడం, అక్కడ రోజూ వినేదే. ఉరుమైతే మాత్రం ఆట సస్పెండ్ చేయాలి, అంటే తాత్కాలికంగా ఆపాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి మొదలుపెట్టడం మా పద్ధతి. అదీ కుదరకపోతే అబాండన్, మొత్తానికే ముగింపు.

శబ్దం మళ్లీ వచ్చింది. ఫౌల్‌కు ఆట ఆగినప్పుడు గోల్‌కీపర్ దగ్గరికి వెళ్లాను. అతను క్వారీలో పనివాడు. అతని జట్టే ఒక గోలు ముందుంది.

"ఏందబ్బాయ్ ఆ శబ్దం?"

"బ్లాస్టింగే సార్. ఆడిచ్చండి."

"కాళ్ల కింద అదిరిందా?"

పేలుడైతే నేల అదురుతుంది. రోజూ వినీ వినీ వాళ్లు అది గమనించడం మానేశారు. అతను కిందికి చూశాడు. "అదరలేదు సార్," అన్నాడు చివరికి. "నేను చెప్పానని మావోళ్లతో అనబాకండి."

విజిల్ వేసి అందరినీ పక్కనున్న బడి గదుల్లోకి పంపాను.

"ఏంది సార్, చినుకు పడకముందే గొడుగేశావ్?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

ప్రకాశరావుగారు వచ్చారు. "కాస్త ఆటే మిగిలింది గదా సార్. తడిస్తే తడుస్తారు."

"తడవడం గురించి కాదండీ. చుట్టూ బయలు, ఇనప గోల్‌పోస్టులు. పిడుగు పడితే?"

"మావాడి రోజు సార్ ఇది."

ఆయన్ని కూడా లోపలికి రమ్మన్నాను. గదిలో కిటికీ దగ్గర నిలబడ్డాను. గోల్‌కీపర్ సరిగా గమనించాడా? నాదే పొరపాటా? మరోసారి ఉరిమింది. అరగంట మళ్లీ మొదలైంది. చీకటి పడుతుంటే అబాండన్ అని చెప్పాను. ప్రార్థన గదిలోనే జరిగింది, కప్పు ఎవరికీ ఇవ్వలేదు. వాన పడలేదు, పిడుగూ పడలేదు. మబ్బు కృష్ణానది దాటి పోయింది.

ఆట ఆపాక ఏమీ జరగకపోతే ఆపినవాడు పిరికివాడిలా కనిపిస్తాడు. ఆపింది సరైనదేనని చూపించడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. ఆపడమే కాదు, ఆ తర్వాత అలా కనిపించడం కూడా రిఫరీ పనేనని ఆ రోజు తెలిసింది.

మర్నాడు ప్రకాశరావుగారు ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను.

"మిగిలిన కాస్త ఆడితే సరిపోతుందా సార్?"

"టోర్నమెంటు రూల్సులో అలా లేదండీ. మొదటినుంచీ ఆడాలి."

"సరే సార్, మళ్లీ పెడదాం. మావాడి పేరు ఇంకోసారి మైకులో చెబుతారు గదా."