మా ఊరి తాతగా నేను దిగిన ఫొటో

ఆ ఫొటో ఎనిమిది అడుగుల ఎత్తుండేది. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ కింది అంతస్తులో, లోపలికొచ్చే ప్రతి మనిషికీ ముందు నా ముఖమే కనపడేది. సరే, ఎనిమిది కాదు, మూడడుగులు. ప్రతి మనిషికీ కాదు, కాఫీ మెషిన్ వైపు వెళ్లేవాళ్లకు మాత్రమే. కానీ ముఖం నాదే, అందులో అబద్ధం లేదు. అబద్ధమంతా దాని కింద అతికించిన చీటీలో ఉంది. "మా ఊరి తాత" అని రాశారు.

ఎవరి ఊరు? హఫీజ్‌పేట్‌లో మా ఇంటి పైగదిలో కిరాయికుంటున్న అమ్మాయి ఊరు. పాలమూరు అవతల ఓ చిన్న టౌను. దాని పొలిమేర కూడా నేను తొక్కలేదు.

ఆ అమ్మాయి ఫొటోగ్రాఫర్. ఇరవై నాలుగేళ్లుంటాయి. కెమెరా సంచీ, కుక్కరు, వెంట మేనమామతో మా గుమ్మంలోకి వచ్చింది. ఆ మేనమామ అద్దాల మేడలోనే సెక్యూరిటీ గార్డు. వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచి, "సార్, మా అక్క బిడ్డ. జర చూస్కోండ్రి. ఫొటోలు తీస్తదట. పెండ్లిళ్లయి కాదంట, వేరేవంట" అన్నాడు. ఆ వేరేవి ఏమిటో ఆయనకు తెలియదు, నాకు తెలియదు. ఆ అమ్మాయికి కూడా తెలియదని నాకు అర్థం కావడానికి నెల పట్టింది.

పూట గడవడానికి సాఫ్ట్‌వేర్ వాళ్లకు ప్రొఫైల్ ఫొటోలు తీసేది. అందరిదీ ఒకటే భంగిమ. చేతులు కట్టుకోవాలి, కొంచెం పక్కకు తిరగాలి, వెనక అద్దం ఉండాలి. సాయంత్రం ఇంటికి రాగానే కెమెరా సంచీని పసిబిడ్డను దించినట్టు దించేది. చెప్పులను మాత్రం విసిరికొట్టేది.

"ఈ సిటీల ఏమున్నది తాతా? అద్దం. అద్దంల మబ్బు. నా లెక్కనే ఇంక యాభై మంది గదే మబ్బు తీస్తున్నరు."

"అయితే మీ ఊరికి పోయి తియ్యి."

"మా ఊర్ల ఏమున్నది? బస్టాండు, మొబైల్ షాపులు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. గదేం ఫొటో?"

రోజూ ఇదే పాట. వినీవినీ నాకు విసుగెత్తింది. ఊళ్లో వాళ్లు తనను హైదరాబాద్ పిల్ల అంటారట, ఇక్కడివాళ్లు మీది ఏ ఊరు అని అడుగుతారట. "నీ వయసులో నేను మూసాపేటలో ఫ్యాక్టరీ నడిపాను, ఇన్ని ఆలోచనలు చేశానా?" అని గదమాయించాను. ఆ అమ్మాయి నోరు మూసుకుంది. లోపలి నుంచి మా ఆవిడ నోరు తెరిచింది: "నడిపిండట! స్టోరు రూముల నట్లు, బోల్టులు లెక్కపెడ్తుండె." అదీ నిజమే.

అలాంటి సమయంలో మేనమామ ఒక కబురు తెచ్చాడు. వాళ్ల మేడలోని ఒక కంపెనీ ఫొటోల ప్రదర్శన పెడుతోందట. బయటివాళ్లు కూడా పంపవచ్చు. అంశం "మా ఊరు". పది ఫొటోలను ఎంచి, తీసినవాళ్ల పేర్లతో కింది అంతస్తులో తగిలిస్తారు.

"నా పేరు గోడ మీద ఉంటది తాతా," అంది ఆ అమ్మాయి. "చేతులు కట్టుకున్నోని పేరు కాదు, నా పేరు. గా ఒక్కటైతే చాలు, ఇగ నేను ఎవరికీ ఏం చెప్పే పని లేదు."

ఊరికి వెళ్లి మూడో రోజు తిరిగొచ్చింది. ఎన్ని తీసిందో గాని ఒక్కటే చూపించింది. పొద్దున్నే ఏదో టౌను బస్టాండు. వాన వెలిసి నేల తడిగా ఉంది. సిమెంటు బెంచీ దగ్గర ఐదారుగురు. అందరి మెడలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి, బస్సు రావలసిన వైపు. ఒకాయన చెప్పు చేతిలో పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి కూడా అటే చూస్తున్నాడు. నేను చాలాసేపు చూశాను. బాగుందని చెప్పలేదు. పిల్లలను పొగిడితే చెడిపోతారని మా కాలపు నమ్మకం.

నాలుగు రోజులకు ప్రదర్శన చూసుకునే మేడం ఫోన్ చేసింది. ఆ అమ్మాయి స్పీకర్ పెట్టింది.

"చాలా నీట్‌గా ఉందండి. కానీ నేటివిటీ మిస్సయిందండి. ఊరు కనిపించట్లేదు. కొంచెం వయసైన ముఖం, ముడతలు, పొలం, ఒక గేదె... అలాంటివేమైనా ఉన్నాయాండి?"

ఫోన్ పెట్టేశాక ఆ అమ్మాయి గోడకు చెప్పినట్టు చెప్పింది: "మా నాయనమ్మకే బర్రె లేదు. ప్యాకెట్ పాలు పోస్కుంటది."

నేను కలగజేసుకున్నది ఇక్కడే. ఆ పిల్ల బాధ చూడలేక, నా పరువును కూడా లెక్కచేయక, "ముడతలే కదా కావలసింది, నావి తీసుకో" అన్నాను. ఇలాగే అందరికీ చెబుతూ వచ్చాను. జరిగింది వేరు. ఆ అమ్మాయి వద్దంది. రెండు రోజులు వెంటపడి ఒప్పించాను. గడ్డం పెంచాను.

"ఏంది గీ ఏశం? మాల ఏస్తున్నవా?" అంది మా ఆవిడ.

"కళ కోసం."

"కళనా? నీ మొకంల ఉన్న కళ చాలదా?"

రైల్వే స్టేషన్ వెనక ఖాళీ జాగాలో పాలాయన బర్రెలను కట్టేస్తాడు. ఆయన దగ్గరే ఒక గొంగడి అడిగి తెచ్చాను. చేతికర్ర మా దోమతెరది. నిజానికి ఆ పక్కనే ఒకప్పుడు మా నాయన జొన్న వేసేవాడు, కాబట్టి నేను అసలుసిసలు రైతుబిడ్డనని వాదించవచ్చు. కానీ ఆ చేలో నేను ఏనాడూ కాలు పెట్టలేదు. పెట్టమంటారని పొద్దున్నే సైకిలెక్కి ఫ్యాక్టరీకి పారిపోయేవాడిని.

వెనక ఉన్న అపార్ట్‌మెంట్లను లెన్సుతో మసక చేసింది ఆ అమ్మాయి. "తాతా, జర దూరం చూడు" అంది. చూశాను. నా కళ్లలో మట్టిమనిషి వేదన ఉందని తర్వాత మేడం అంది. అప్పుడు బర్రె నా కాలు తొక్కి ఉంది.

ఫొటో ఎంపికైంది. కింద ఏం రాయాలని అడిగితే "మా ఊరి తాత" అని చెప్పింది కూడా నేనే. ఆ అమ్మాయి సరేనంది గాని సంతోషం లేదు. నేను సంతోషపడ్డాను, ఇద్దరికీ సరిపడా.

తగిలించిన రోజు మధ్యాహ్నం తెల్లచొక్కా వేసుకుని ఆ అమ్మాయితో పాటు వెళ్లాను. గేటు దగ్గర డ్యూటీలో ఉన్న మేనమామ మేనకోడలి పేరు చూడాలని ఐదు నిమిషాలు అడిగి లోపలికొచ్చాడు. ముందు చీటీ మీది పేరు చదువుకున్నాడు, పెదవులు కదుపుతూ. తర్వాత తలెత్తాడు.

"ఈయన మీ ఓనర్ సారు కాదా?"

నేను చొక్కా కాలరు సర్దుకున్నాను. ఆయన నావైపు తిరిగాడు.

"గొంగడి గిట్ల ఏసుకుంటరా సార్? చలికి దుప్పటి కప్పుకున్నట్టున్నది." తర్వాత మేనకోడలి వైపు తిరిగాడు. "మన ఊరు అన్నరు కదా బిడ్డా. మన ఊరు ఏది?"

వెక్కిరించలేదు. నిజంగానే ఫొటోలో వెతుకుతున్నాడు. ఆ అమ్మాయి ముఖం మాడిపోయింది.

అంతలో మేడం వచ్చింది. ఫొటో పక్కన ఆ అమ్మాయిని నిలబెట్టి ఇంకో ఫొటో తీయాలట. చేతులు కట్టుకొమ్మంది కూడా.

"మేడం, ఇది మా ఊరు కాదు. ఈయన మా ఇంటి ఓనర్."

"అయ్యో, పర్లేదండి. ఎవరికి తెలుస్తుంది? ఫీల్ ఉంది కదండి."

"అవును, పర్వాలేదు," అని నేనూ అన్నాను. ఆ పిల్ల భవిష్యత్తు కోసమే అన్నాను. ఛ, ఇంకా అబద్ధం ఎందుకు? నా ముఖం ఆ గోడ మీద వారం రోజులుండాలని అన్నాను. డెబ్బై ఏళ్లుగా ఎవరూ నా ముఖాన్ని ఏ గోడకూ తగిలించలేదు.

"తీసెయ్యండ్రి," అంది ఆ అమ్మాయి. ఎవరూ కదలకపోతే తనే స్టూలెక్కి తీసింది. నా ముఖాన్ని గోడవైపు తిప్పి నేలమీద పెట్టింది.

మేడం చాలా నొచ్చుకుంది. కానీ పది ఫొటోలని అందరికీ చెప్పారు, తొమ్మిదే ఉంటే బాగుండదు. చివరకు బస్టాండు ఫొటోనే పెట్టుకొమ్మంది, అయితే అక్కడ కాదు, సామాను లిఫ్టు పక్క నడవలో. గార్డులు డ్యూటీ మారే చోటు అది. ప్రింటు తీయించుకొచ్చి, అక్కడ మేకు కొట్టించుకుని, బస్టాండు తగిలించి, కింద తన పేరు అతికించేసరికి సాయంత్రమైంది.

డ్యూటీ దిగే గార్డులు ఇద్దరు ఆగారు. మేనమామ కూడా వచ్చాడు.

"అరె, ఇది మా జనగామ బస్టాండు," అన్నాడు ఒకాయన.

"నీ జనగామల గా నల్లా ఏడుందే? ఇది మెదక్. గీ బెంచీ మీదనే కూసుని నేను హైదరాబాద్ బస్సెక్కిన."

"ఏయ్, ఊకోండ్రి," అన్నాడు మేనమామ. "మా ఊరు నాకు తెల్వదా?"

"నీ ఊరని రాసున్నదా?"

ఇంతకాలం మా ఊర్ల ఏమున్నది అని నా చెవులు తిన్న పిల్ల వాళ్ల మధ్యలోకి దూరింది. "అన్నా, ఇది మా ఊరే! గా గోడ చూడండ్రి, పెచ్చు ఊడింది చూడండ్రి. మా ఊర్ల తప్ప ఏడ లేదు!" ఎవరూ వినలేదు. మెదక్ ఆయన తన బస్టాండులోనూ పెచ్చు ఊడిందన్నాడు. కోపంతో ఎర్రబడి నావైపు తిరిగింది.

"తాతా, నువ్వు చెప్పు. మా ఊరే కదా?"

ముగ్గురు గార్డులూ నావైపు చూశారు. వయసులో పెద్దవాడిని, తెల్లచొక్కాలో ఉన్నాను. ఏం చెబితే అది నమ్మేట్టున్నారు.

"నాకేం తెలుసమ్మా," అన్నాను. "నేనెప్పుడూ చూడలేదు."

"గిప్పుడే నిజం చెప్పాల్నా నీకు?" అని నుదురు కొట్టుకుని, మళ్లీ వాళ్లమీద పడింది.